చేతిపనికి మాటసాయం

పాఠ్యభాగ ఉద్దేశం

హస్తకళా వస్తువులు నేడు సంతలను, తిరునాళ్ళను దాటి అంతర్జాల విపణిలోకి ప్రవేశించాయి. అక్కడ వస్తువు కంటె ముందుగా దానిని గురించిన వర్ణన కొనుగోలుదారును చేరుతుంది. ఆ వర్ణన ఏ విధంగా ఉండాలి, అందులో ఏయే అంశాలు చోటుచేసుకోవాలి, మాటలో సత్యం లోపిస్తే కళాకారునికి కలిగే నష్టం ఏమిటి అనే విషయాలను తెలుగునేలలోని కొన్ని హస్తకళల ఆధారంగా వివరించటం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

కుండ కొనేవాడు దానిని వేలితో తట్టి నాదం వింటాడు. చీర కొనే ఇల్లాలు అంచును వెలుతురుకు పట్టి నేతను చూస్తుంది. కొంగును వేళ్ళ మధ్య నలిపి మెత్తదనాన్ని గ్రహిస్తుంది. చేట కొనే వృద్ధురాలు దాని అల్లికను అటూ ఇటూ వంచి పరీక్షిస్తుంది. అమ్మేవారు ఎంతగా ప్రశంసించినా, కొనేవారి చేయి చెప్పిన తీర్పే తుది తీర్పు. తరతరాలుగా మన సంతలలోనూ, తిరునాళ్ళలోనూ చేతివస్తువుల క్రయవిక్రయాలు ఈ విధంగానే సాగుతూ వచ్చాయి.

అంతర్జాలంలోని అంగడిలో ఈ పరీక్షలకు తావు లేదు. అక్కడ కొనుగోలుదారు ఎదుట ఉండేవి రెండే: వస్తువు ఛాయాచిత్రం, దాని క్రింద రాసిన వర్ణన. బరువు, స్పర్శ, వాసన, నాదం మొదలైనవన్నీ మాట ద్వారానే అతనికి అందాలి. ఆంధ్రప్రదేశ్‌లో లేపాక్షి, తెలంగాణలో గోల్కొండ అనే పేర్లతో ప్రభుత్వ సంస్థలు నడిపే విక్రయశాలల సరుకు నేడు అంతర్జాలంలోనూ దొరుకుతున్నది. కళాకారులు, స్వయంసహాయక బృందాల మహిళలు చేతిలోని ఫోను సాయంతోనే తమ వస్తువులను అమ్మకానికి పెడుతున్నారు. కొండపల్లిలో చెక్కిన బొమ్మ అమెరికాలోని ఒక తెలుగింటి బొమ్మల కొలువుకు చేరాలంటే, బొమ్మ కంటె ముందుగా దాని మాట ఆ ఇంటికి చేరాలి. ఆ మాట సరిగా లేనప్పుడు మంచి వస్తువు అమ్ముడుపోక మిగిలిపోతుంది. లేదా అమ్ముడుపోయినా అసంతృప్తితో తిరిగి వస్తుంది. తిరిగి వచ్చిన పార్శిలు ఖర్చు పెద్ద వ్యాపారికి లెక్కలోకి రాకపోవచ్చు. నెలకు పది వస్తువులు చేసే కుటుంబానికి అది ఒక వారం కూలి.

హస్తకళా వస్తువుల వర్ణనలో తరచుగా కనిపించే దోషం అతిశయోక్తి. ‘అపురూపమైన కళాఖండం’, ‘మనసు దోచే అద్భుత సృష్టి’, ‘మీ ఇంటికి రాజసం తెచ్చే కానుక’ వంటి మాటలు ఎన్నో చోట్ల ఒకే తీరుగా కనిపిస్తాయి. ఈ విశేషణాలు ఏ వస్తువుకైనా అతుకుతాయి. కలంతో గీసిన వస్త్రానికీ, యంత్రం మీద ముద్రించిన దాని అనుకరణకూ అవి సమానంగా సరిపోతాయి. కనుక అవి నిజమైన కళాకారునికి మేలు చేయకపోగా, నకిలీ వస్తువుకు ముసుగుగా ఉపయోగపడతాయి. వారాల తరబడి సాగిన శ్రమకు, గడియలో పూర్తయ్యే ముద్రణకు ఒకే భాష వాడినప్పుడు కొనుగోలుదారుకు కనిపించే భేదం వెల ఒక్కటే. వెలను బట్టి మాత్రమే పోటీ నడిచిననాడు చేతిపని యంత్రం ముందు నిలువజాలదు.

ఈ దోషానికి విరుగుడు మన అలంకారశాస్త్రంలోనే ఉన్నది. ఒక వస్తువు స్వభావాన్ని ఉన్నదున్నట్లుగా, మనోహరంగా వర్ణించటం స్వభావోక్తి అని విద్యార్థులు వ్యాకరణ పాఠాలలో నేర్చుకొన్నారు. దండి తన కావ్యాదర్శంలో అర్థాలంకారాలను వివరిస్తూ స్వభావోక్తిని మొట్టమొదట నిలిపాడు. జాతి, క్రియ, గుణం, ద్రవ్యం అని దానికి నాలుగు ఆధారాలను చూపాడు. కుంతకుడు దీనితో ఏకీభవించలేదు. స్వభావం అలంకరింపదగినదే కాని, అదే అలంకారం కాజాలదని ఆయన వాదం. కావ్యం విషయంలో ఈ వివాదం ఎట్లా ఉన్నా, చేతివస్తువు విషయంలో దండి చూపిన మార్గమే అనుసరింపదగినది. కళాకారుడు వస్తువును తన చేతితో ముందే అలంకరించి ఉన్నాడు. ఆ అలంకారాన్ని చెదరకుండా చూపటమే మాట చేయవలసిన పని. దండి చెప్పిన నాలుగు ఆధారాలను క్రమంగా అనుసరిస్తే అంతర్జాల వర్ణనకు కావలసిన అంశాలన్నీ అందులోనే సమకూరుతాయి.

మొదటిది జాతి. వస్తువు ఏ వర్గానికి చెందినదో శీర్షికలోనే స్పష్టంగా చెప్పాలి. కలంకారీ అనే ఒక్క మాట చాలదు. శ్రీకాళహస్తి కలంకారీ వ్రాతపని. వెదురు కలంతో చేతితో గీసినది. మచిలీపట్నం, పెడన ప్రాంతాల కలంకారీ అద్దకం. చెక్కిన కర్ర అచ్చులతో అద్దినది. రెండూ గౌరవింపదగిన కళలే. అయితే వాటికి పట్టే కాలం వేరు, వెల వేరు, అందం వేరు. ఒకదానిని మరొకదాని పేరుతో అమ్మటం రెండింటికీ ద్రోహం. ‘అందమైన కలంకారీ వస్త్రం’ అనే శీర్షిక కంటె, ‘శ్రీకాళహస్తి కలంకారీ – చేతితో గీసిన నూలు గోడతెర – కల్పవృక్షం’ అనే శీర్షిక ఎక్కువ ప్రయోజనకరం. అంతర్జాలంలో వెదికేవారు విశేషణాలతో అరుదుగా వెదుకుతారు. ఊరి పేరు, వస్తువు పేరు, పదార్థం పేరు, దాని ఉపయోగం, ఇవే వారు వెదికే మాటలు. కలంకారీ అనే మాటను ఇంగ్లీషు లిపిలో పలువురు పలువిధాల రాస్తారు. కాబట్టి వాడుకలో ఉన్న రూపాలను వర్ణనలో ఎక్కడో ఒకచోట చేర్చటం మంచిది. ఇతర భాషలలో వర్ణన రాసేటప్పుడు తెలుగు పేరును తొలగించరాదు. లక్కపిడతలను పిల్లల వంటసామాను బొమ్మలని వివరించవచ్చు. లక్కపిడతలు అనే పేరు మాత్రం ప్రక్కనే నిలిచి ఉండాలి. పేరుతోపాటు ఊరి చరిత్ర కూడా కొనేవారికి అందుతుంది.

రెండవది క్రియ. వస్తువు ఎట్లా తయారయిందో చెప్పటం ఇందులోని భాగం. శ్రీకాళహస్తిలో నూలు బట్టను కరక్కాయ రసం, గేదెపాలు కలిపిన ద్రవంలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వలన రంగు బట్టపై అలుముకొనకుండా గీసిన గీతలోనే నిలుస్తుంది. ఇనుప ముక్కలను బెల్లంతో కలిపి నీటిలో కొన్ని వారాలు ఊరబెట్టగా వచ్చిన కసిమి నల్లని గీతలకు ఆధారం. ఎరుపు రావలసిన చోట పటిక నీటిని పూసి, ఆ తరువాత రంగునిచ్చే వేళ్ళతో, చెక్కలతో బట్టను ఉడికిస్తారు. ప్రతి దశ తరువాత బట్టను ఉతికి ఆరవేయాలి. ఈ పనులలో రెండు మూడింటినైనా వర్ణనలో క్లుప్తంగా పేర్కొంటే, ‘ఎంతో శ్రమతో చేసినది’ అని వేరుగా చెప్పనక్కరలేదు. నానబెట్టటం, ఆరబెట్టటం, గీయటం, ఉడికించటం, ఉతకటం అనే క్రియాపదాలే శ్రమను కంటికి కట్టిస్తాయి. అయితే ఒక నియమం తప్పనిసరి. ఆ వస్తువుకు నిజంగా జరిగిన పనినే చెప్పాలి. రసాయనపు రంగు వాడినప్పుడు సహజవర్ణమని రాయటం అసత్యం. రసాయనపు రంగు వాడినట్లు సూటిగా చెప్పి, గీత మాత్రం చేతిదేనని తెలిపినందువల్ల అమ్మకందారునికి అగౌరవం కలుగదు.

మూడవది గుణం. పొడవు, వెడల్పు, ఎత్తు, బరువు, రంగు, నునుపు మొదలైనవి దీని క్రిందికి వస్తాయి. చిన్నది, పెద్దది అనే మాటలు మనిషికొక తీరుగా అర్థమవుతాయి. సెంటీమీటర్లు, గ్రాములు అందరికీ ఒకటే. కొండపల్లి బొమ్మను తెల్లపొణికి అనే తేలికైన కర్రతో చేస్తారు. దాని బరువును ముందే చెప్పకపోతే, పార్శిలు విప్పినవారు బొమ్మ తేలికగా ఉండటం చూసి నాసిరకం కర్ర అనుకొనే ప్రమాదం ఉన్నది. తెల్లపొణికి తేలికదనం ఆ కర్ర సహజగుణమని ఒక వాక్యంలో చెబితే అనుమానానికి తావుండదు. చూపించే ఛాయాచిత్రాలు కూడా గుణాన్ని తెలిపేవిగానే ఉండాలి. పగటి వెలుతురులో, నీడపట్టున తీసిన చిత్రంలో రంగు సహజంగా కనిపిస్తుంది. ఒక చిత్రంలో వస్తువు ప్రక్కన చేయి గాని, తెలిసిన వస్తువు గాని ఉంటే పరిమాణం వెంటనే బోధపడుతుంది. పోచంపల్లి ఇక్కత్ వస్త్రానికి వెనుకవైపు చిత్రం అత్యవసరం. అక్కడ నూలుకు ముందే ముడులు వేసి, రంగులద్ది, ఆ తరువాత నేస్తారు. కాబట్టి డిజైను రెండు వైపులా దాదాపు ఒకే తీరుగా కనిపిస్తుంది. ఒకవైపు మాత్రమే ముద్రించిన అనుకరణలో వెనుకభాగం వెలవెలబోతుంది. ఈ ఒక్క చిత్రం పది విశేషణాలు చేయలేని పనిని చేస్తుంది.

నాలుగవది ద్రవ్యం. దండి పరిభాషలో ఇది జాతిని కాక, ఒకే ఒక్క వ్యక్తిని సూచిస్తుంది. హస్తకళకు ఈ భావన ఎంతో సన్నిహితం. యంత్రంలో తయారయిన వేయి వస్తువులు ఒకే తీరుగా ఉంటాయి. ఒకే కళాకారుడు ఒకే రోజున చేసిన రెండు బొమ్మల కళ్ళు మాత్రం ఒకే విధంగా ఉండవు. కాబట్టి కొనుగోలుదారుకు అందేది చిత్రంలోని వస్తువేనా, దాని వంటి మరొకటా అనే విషయం స్పష్టం చేయాలి. రంగులోనూ, గీతలోనూ ఎంతవరకు తేడా రావచ్చునో తెలపాలి. పాలలో నానిన కలంకారీ బట్టకు కొత్తలో ఒక వాసన ఉంటుంది. ఆ సంగతి ముందుగా తెలియనివారు బట్ట పాడయిందనుకొని తిరిగి పంపుతారు. తెలిసినవారు అదే వాసనను పనితనానికి గుర్తుగా భావిస్తారు. తొలిసారి విడిగా చల్లని నీటిలో ఉతకాలని, నీడలో ఆరవేయాలని చెప్పటం కూడా వర్ణనలోని భాగమే. పగులు, మరక, అతుకు వంటివి ఉంటే వాటిని దాచక, దగ్గరగా తీసిన చిత్రంతో చూపాలి. స్వభావసిద్ధమైన తేడాకు, పనిలోని లోపానికి గల భేదాన్ని అమ్మేవారు నిజాయితీగా పాటించాలి. ఊడిపోయిన రంగును చేతిపని అందమని సమర్థించటం తగదు.

ఈ నాలుగు అంశాలను ఒక ఉదాహరణలో సమన్వయించి చూడవచ్చు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక లక్కబొమ్మలకు ప్రసిద్ధి. అక్కడి లక్కపిడతలను అమ్మదలచిన ఒకరు, ‘చిన్నారుల మనసు దోచే అద్భుతమైన సంప్రదాయ బొమ్మలు. నాణ్యతకు మారుపేరు. త్వరపడండి’ అని రాశారనుకొందాం. ఇందులో కొనుగోలుదారు సందేహాలలో ఒక్కదానికీ సమాధానం లేదు. అదే వర్ణనను ఈ విధంగా మార్చవచ్చు:

‘ఏటికొప్పాక లక్కపిడతలు, పన్నెండు. పొయ్యి, కుండ, మూకుడు, గరిటె, బిందె మొదలైనవి. అంకుడు కర్రను చక్రం మీద తిప్పి మలచి, తిరుగుతున్న కర్రకు రంగు లక్కను అదిమిపట్టి పూత వేసినవి. రంగులు మొక్కల నుంచి తీసినవి. అన్నింటికంటె పెద్దది బిందె, ఎత్తు 6 సెంటీమీటర్లు. చిన్నది గరిటె, పొడవు 4 సెంటీమీటర్లు. మొత్తం బరువు 250 గ్రాములు. అంచులు గుండ్రంగా, నునుపుగా ఉంటాయి. రంగు ఛాయలో కొద్దిపాటి తేడా ఉండవచ్చు. తడి తగలనీయక పొడి బట్టతో తుడవాలి. వేడి తగిలితే లక్క మెత్తబడుతుంది. చిన్న భాగాలు ఉన్నందువల్ల మూడేళ్ళలోపు పిల్లలకు ఇవ్వరాదు.’

ఇది నమూనా మాత్రమే. కొలతలు ఏ వస్తువుకు ఆ వస్తువు కొలిచి రాయవలసినవే. ఈ వర్ణనలో ఒక్క పొగడ్త కూడా లేదు. అయినా చదివినవారికి బొమ్మలు చేతిలో పెట్టినట్లు అనిపిస్తాయి. చివరి వాక్యం కొన్ని అమ్మకాలను తగ్గించవచ్చు. కాని ఒక పసిబిడ్డ గొంతులో గరిటె ఇరుక్కొనే ప్రమాదం కంటె ఆ నష్టం స్వల్పం. బొమ్మల నాణ్యతా ప్రమాణాలను తప్పనిసరి చేసిన 2020 నాటి ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. నమోదైన హస్తకళాకారులు తయారుచేసి అమ్మే బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకు అందులో మినహాయింపు ఇచ్చారు. చట్టం నమ్మి ఇచ్చిన ఆ వెసులుబాటు అమ్మేవారి మాట బాధ్యతను మరింత పెంచుతుంది.

వర్ణనలో చోటుచేసుకోవలసిన మరొక అంశం చేసినవారి ప్రస్తావన. పశ్చిమగోదావరి జిల్లా నరసాపురం ప్రాంతపు స్త్రీలు అల్లే లేసు పందొమ్మిదవ శతాబ్దం నుంచి ప్రసిద్ధం. వారి జీవితాలను పరిశీలించి మరియా మీస్ అనే పరిశోధకురాలు 1982లో ఒక గ్రంథాన్ని ప్రచురించింది. ప్రపంచ విపణికి సరుకు తయారుచేస్తున్న ఆ స్త్రీలను కేవలం తీరిక వేళల్లో అల్లుకొనే గృహిణులుగా లెక్కించటం వలన వారి శ్రమ శ్రమగానే గుర్తింపు పొందలేదని ఆమె నిరూపించింది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. కళకు గుర్తింపు వచ్చినట్లే, అల్లిన చేతికీ గుర్తింపు రావాలి. చేసినవారి అనుమతితో వారి పేరు, ఊరు, ఆ వస్తువుకు పట్టిన రోజులు పేర్కొనటం అందుకు ఒక మార్గం. వెల ఎందుకంత ఉన్నదో కూడా అప్పుడు కొనేవారికి తెలుస్తుంది. ముడిసరుకు, పనిదినాలు, ప్యాకింగు, రవాణా, అమ్మకపు వేదికకు చెల్లించే రుసుము కలిపి లెక్కకట్టినదే న్యాయమైన వెల. పనిదినాల కూలిని వదిలివేసి వెల తగ్గించేవారు తమ కడుపును తామే కొట్టుకొంటున్నారు. అట్లాగని కళాకారుని పేదరికాన్ని వర్ణించి జాలి పుట్టించటమూ ఉచితం కాదు. జాలితో కొన్నవారు ఒకసారి కొంటారు. పనితనం నచ్చి కొన్నవారు మరల వస్తారు.

మాటకు చట్టం కూడా కాపలా ఉన్నది. భౌగోళిక గుర్తింపుల చట్టం 1999లో రూపొంది 2003లో అమలులోకి వచ్చింది. పోచంపల్లి ఇక్కత్, శ్రీకాళహస్తి కలంకారీ, కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక బొమ్మలు మొదలైనవి దాని క్రింద నమోదయ్యాయి. ఇతర చోట్ల చేసిన వస్తువును ఈ పేర్లతో అమ్మటం చట్టవిరుద్ధం. 2020లో వచ్చిన ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం, వర్ణనకు భిన్నంగా ఉన్న వస్తువును తిరిగి తీసుకోవటానికి అమ్మకందారు నిరాకరించరాదు. కొనుగోలుదారు వేషంలో తన సరుకును తానే మెచ్చుకొంటూ అభిప్రాయాలు రాయటమూ నిషిద్ధమే. ‘అద్భుతం’ అనే మాట అబద్ధమని ఏ న్యాయస్థానంలోనూ నిరూపించలేము. ‘చేతితో గీసినది’ అనే మాట అబద్ధమైతే నిరూపించవచ్చు. నకిలీ వ్యాపారి పొగడ్తలను ఆశ్రయించటానికి, నిజమైన కళాకారుడు వివరాలను ఆశ్రయించవలసి రావటానికి కారణం ఇదే.

భాషను చదువుకొన్న యువతకు ఇందులో ఒక కర్తవ్యం ఉన్నది. ఎందరో కళాకారులకు పని తెలుసు, దానిని రాసే తీరిక లేదు. వారి ఇళ్ళలోని పిల్లలు, ఇరుగుపొరుగు విద్యార్థులు వారి ప్రక్కన కూర్చుండి, పనిని చూచి, వారు వాడే మాటలనే అడిగి తెలుసుకొని రాస్తే ఆ కళకు ఎంతో మేలు జరుగుతుంది. కసిమి, మక్కు, అద్దకం, తెల్లపొణికి వంటి మాటలు పనివారి నోట బ్రతికి ఉన్నాయి. వాటిని విని, సరిగా రాసి, కొలత తప్పక చెప్పగలగటం భాషాధ్యయనానికి దక్కే ప్రయోజనాలలో ఒకటి.

కఠినపదాలకు అర్థాలు

విపణి = అంగడి, బజారు
క్రయవిక్రయాలు = కొనటం, అమ్మటం
నాదం = ధ్వని
విరుగుడు = దోషాన్ని పోగొట్టేది
కసిమి = కలంకారీలో వాడే నల్లని ద్రవం
మక్కు = చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన ముద్ద; కొండపల్లి బొమ్మల తయారీలో వాడేది
సమన్వయించు = పొందికగా కలుపు
నిషిద్ధం = చేయరానిది
వెసులుబాటు = సడలింపు, వీలు

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. స్వభావోక్తికి దండి చూపిన నాలుగు ఆధారాలు చేతివస్తువుల వర్ణనకు ఎట్లా ఉపకరిస్తాయో వివరించండి.
2. అతిశయోక్తి నిజమైన కళాకారునికి నష్టం కలిగిస్తుందనటాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. శ్రీకాళహస్తి, మచిలీపట్నం కలంకారీల మధ్య గల భేదాన్ని తెలపండి.
2. చేసినవారి ప్రస్తావన వర్ణనలో ఎందుకు అవసరం?
3. ఇక్కత్ వస్త్రానికి వెనుకవైపు చిత్రం ఎందుకు చూపాలి?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. కొండపల్లి బొమ్మలను ఏ కర్రతో చేస్తారు?
2. ఏటికొప్పాక ఏ నది ఒడ్డున ఉన్నది?
3. స్వభావోక్తి అలంకారం కాజాలదని వాదించినవారెవరు?

ఈ) భాషాకృత్యం
మీ ఊరిలో చేతితో తయారయ్యే ఒక వస్తువును ఎన్నుకొని, తయారుచేసేవారిని అడిగి తెలుసుకొని, విశేషణాలు లేకుండా పది వాక్యాలలో వర్ణించండి.